ఒడిలో పాప... చేతిలో స్లైడ్ రూలు!

పెళ్ళికి ముందు మనకో పేరుంటుంది. పిల్లలు పుట్టాక ఆ పేరు మెల్లగా మరుగున పడిపోతుంది. డే కేర్‌లో ఫలానా పాప మమ్మీ, గుళ్ళో ఫలానా బాబు వాళ్ళమ్మ, పార్టీల్లో ఫలానా ఆయన గారి మిసెస్! ఇండియాలో చదివిన చదువు, చేసిన ఉద్యోగం, నేర్చుకున్న సంగీతం అన్నీ అటక మీద పెట్టెలో సర్దేసినట్టే ఉంటాయి. పిల్లలు కాస్త పెద్దయి ఇల్లు సద్దుమణిగాక, ఇంతకీ నేనెవర్ని, నాకేమిష్టం అన్న ప్రశ్న ఒక్కసారిగా ఎదురొస్తుంది.

ఇది మన తరం తల్లులకే వచ్చిన కష్టం అనుకుంటాం గానీ, కాదు. సుమారు తొమ్మిది దశాబ్దాల క్రితం మద్రాసులో ఒక తెలుగమ్మాయి ఇదే ప్రశ్నని ఎదుర్కొంది. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది. ఒడిలో నాలుగు నెలల పాప. భర్త పోయాడు. చదువు చూస్తే స్కూలుతో ఆగిపోయింది. ఆ స్థితిలోంచి లేచి, మన దేశంలో ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళల్లో ఒకరయ్యారు. భారతదేశపు తొలి మహిళా ఇంజినీరుగా ఇవాళ అందరూ చెప్పుకునే ఆవిడే అయ్యలసోమయాజుల లలిత గారు.

ఆవిడ మన తెలుగింటి ఆడపడుచే అన్న సంగతి తెలిసిన వాళ్ళు తక్కువ. ఆవిడ న్యూయార్క్ కూడా వచ్చి వెళ్ళారన్న సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు.

ఇంజినీర్ల ఇంట్లో ఆడపిల్ల

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. మధ్యతరగతి కుటుంబం. ఏడుగురు సంతానం, అందులో లలిత అయిదో బిడ్డ. ఇంట్లో మగపిల్లలు నాన్నగారి దారిలోనే ఇంజినీరింగ్ వైపు వెళ్ళారు. ఆడపిల్లలకి మాత్రం ఏదో రాయడం, చదవడం వచ్చేంత వరకు చదువు, ఆ తర్వాత పెళ్ళి. ఆ రోజుల్లో చదువుకున్న ఇళ్ళల్లో కూడా పద్ధతి అదే. సుబ్బారావు గారిని కూడా అందుకు మినహాయింపుగా చెప్పుకోనక్కర్లేదు. ఆయన గొప్పతనం తర్వాత బయటపడింది.

1930 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పధ్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని ఆ చట్టం. లలితకి 1934లో పెళ్ళయింది. అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. అంటే చట్టం ఒప్పుకున్న వయసు దాటీ దాటగానే పెళ్ళి పీటల మీద కూర్చున్నారన్నమాట. అయితే సుబ్బారావు గారు ఒక్క విషయంలో పట్టుబట్టారు. పెళ్ళయినా సరే, అమ్మాయి స్కూలు చదువు పూర్తి చెయ్యాలన్నారు. అలా ఎస్సెస్సెల్సీ దాకా చదువు సాగింది. అప్పట్లో అదేమీ పెద్ద విశేషంగా ఎవరికీ కనిపించి ఉండదు. కానీ ఆ ఒక్క సర్టిఫికెట్టే తర్వాత ఆమె జీవితాన్ని నిలబెట్టింది.

నాలుగు నెలల పాపతో...

1937 సెప్టెంబరులో లలితకి కూతురు పుట్టింది. ఆ పాపకి నాలుగు నెలలు వచ్చేసరికి లలిత భర్త చనిపోయారు.

అప్పటి మన అగ్రహారాల్లో భర్త పోయిన ఆడదాని బతుకు ఎలా ఉండేదో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి తెలుసు. తెల్లచీర, బోసి నుదురు, ఒంటిపూట భోజనం, కొన్ని ఇళ్ళల్లో శిరోముండనం కూడా. శుభకార్యానికి ఎదురు రాకూడదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అది జరిగి యాభై ఏళ్ళు దాటినా మన కుటుంబాల్లో మార్పు అంతంతమాత్రమే. చట్టం ఒప్పుకున్నా ఇల్లు ఒప్పుకోదు.

అత్తింట్లో కొడుకు పోయిన దుఃఖం కోపంగా మారి చిన్న కోడలి మీద పడిందని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో ఎవరిదో ఒకరిది తప్పు కావాలి. ఆ తప్పు ఎప్పుడూ కోడలిదే అవుతుంది. లలిత పాపని తీసుకుని పుట్టింటికి వచ్చేశారు.

ఇక్కడే ఆగి ఒక్క విషయం గమనించాలి. లలిత ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పుట్టింట్లో ఒక మూల కూర్చుని పాపని పెంచుకుంటూ కాలం గడపడం. తిండికి లోటుండదు. కానీ తనకీ పాపకీ ఎప్పటికీ ఇంకొకరి దయే దిక్కు. రెండోది, మళ్ళీ చదువు మొదలుపెట్టి సొంత కాళ్ళ మీద నిలబడడం. ఆవిడ రెండోది ఎంచుకున్నారు. మళ్ళీ పెళ్ళి మాత్రం వద్దనుకున్నారు. జీవితాంతం ఆ మాట మీదే ఉన్నారు.

డాక్టరా? ఇంజినీరా?

మొదట క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. మెరీనా బీచికి ఎదురుగా 1914లో మొదలైన ఆడపిల్లల కాలేజీ అది. అక్కడ ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. తర్వాత ఏం చదవాలన్నది ప్రశ్న.

ఆ రోజుల్లో బాగా చదివే ఆడపిల్లలకి అందరూ చూపించే దారి డాక్టరీ. మద్రాసు మెడికల్ కాలేజీలో అప్పటికే ఎందరో ఆడవాళ్ళు చదివి పట్టా తీసుకున్నారు. ముత్తులక్ష్మి రెడ్డి గారు 1912లోనే అక్కడ డాక్టరయ్యారు. కాబట్టి లలిత కూడా అటే వెళ్ళి ఉంటే ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. కానీ ఆవిడ ఆలోచన వేరు. డాక్టరుకి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వెళ్ళాలి. పసిపాపని వదిలేసి అలా వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే ఉద్యోగం కావాలి. నాన్నగారూ అన్నదమ్ములూ చేస్తున్నది అలాంటి పనే. ఇంట్లో పొద్దస్తమానం వినపడే మాటలు కరెంటు, మోటార్లు, యంత్రాల గురించే. అలా ఆవిడ మనసు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మీదికి వెళ్ళింది.

చూడండి, విచిత్రం! ఆడవాళ్ళు కాలు పెట్టని చోటికి ఆవిడ వెళ్ళింది ఏదో చరిత్ర సృష్టించాలని కాదు. రాత్రిపూట పాప దగ్గర ఉండాలని! తల్లి అయ్యాక మన లోకం ఇరుకైపోయిందని మనం బాధపడుతూ ఉంటాం. లలిత గారి విషయంలో తల్లి కావడమే ఆవిడని కొత్త దారిలోకి తోసింది. పాప పుట్టకపోతే, భర్త బతికి ఉంటే, ఆవిడ లోపల ఒక ఇంజినీరు ఉందన్న సంగతి బహుశా ఆవిడకే తెలిసేది కాదేమో.

గిండీ గేటు దగ్గర

కోరిక ఉంది సరే, సీటు ఎవరిస్తారు? గిండీ కాలేజీ చరిత్ర 1794లో మొదలైన సర్వే స్కూలుతో ఆరంభమవుతుంది. దాదాపు నూట యాభై ఏళ్ళ ఆ చరిత్రలో అక్కడ ఆడపిల్ల ఇంజినీరింగ్ చదివింది లేదు. ఆడవాళ్ళు చేరకూడదని ఎక్కడ రాసి ఉందో గానీ, చేరవచ్చని కూడా ఎవరూ అనుకోలేదు.

సుబ్బారావు గారు కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడి ఒప్పించారు. అప్పటి మద్రాసు రాజధాని విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ దొరగారు కూడా సరేనన్నారు. 1940లో లలిత గిండీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విద్యార్థి అయ్యారు. కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసి పంపించిన అదే తండ్రి, ఈ కూతురి కోసం కాలేజీ తలుపులు తట్టారన్నమాట. మనుషులు మారతారు. బిడ్డ కన్నీళ్ళు చూస్తే తండ్రులు మరీ మారతారు!

వందల మంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల. అందులోనూ వితంతువు, పసిబిడ్డ తల్లి. ఎన్ని సూటిపోటి మాటలు పడిందో అని మనకి అనిపిస్తుంది. కానీ ఆవిడ చెప్పిందల్లా దానికి పూర్తిగా వ్యతిరేకం. తోటి విద్యార్థులు బాగానే చూశారు, కాలేజీ కూడా అండగా నిలబడింది. కష్టమల్లా ఒంటరితనమే. హాస్టల్లో ఉండేవారు. సాయంత్రం అయితే మాట్లాడుకోవడానికి ఇంకో ఆడమనిషి లేదు.

అది గ్రహించిన సుబ్బారావు గారు ఇంకో పని చేశారు. గిండీలో ఆడపిల్లలకి కూడా ఇంజినీరింగ్ సీట్లు ఇస్తున్నారని పత్రికలో ప్రకటన వేయించారు. అది చూసి మరో ఇద్దరు వచ్చి సివిల్ ఇంజినీరింగ్‌లో చేరారు. ఒకరు లీలమ్మ జార్జ్, రెండోవారు పి.కె. త్రేసియా. ఇద్దరూ మలయాళీలు. ఈ త్రేసియా గారే తర్వాత కేరళ పబ్లిక్ వర్క్స్ శాఖకి చీఫ్ ఇంజినీరు అయ్యారు. కూతురికి తోడు దొరకాలని ఒక తండ్రి వేయించిన చిన్న ప్రకటన, ఇంకో ఇద్దరు ఆడపిల్లల తలరాత మార్చేసింది.

మరి పాప?

లలిత హాస్టల్లో ఉంటే పాప ఎక్కడుంది? ఇది అడగాల్సిన ప్రశ్నే. పాప లలిత సోదరుడి ఇంట్లో పెరిగింది. ఆ ఇంట్లో దాదాపు అదే వయసు పిల్ల ఇంకొకరున్నారు. ఇద్దరూ కలిసి ఆడుకుంటూ పెరిగారు. లలిత వారాంతంలో వెళ్ళి పాపని చూసుకుని వచ్చేవారు.

రాత్రిపూట పాపని వదలకూడదని ఇంజినీరింగ్ ఎంచుకున్న తల్లికి, చదువు పూర్తయ్యే దాకా వారం పొడుగునా పాపకి దూరంగా ఉండక తప్పలేదు. ఈ మాటని దాటేసి కథ చెప్పేస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. ఏ తల్లికైనా ఈ లెక్క తేలిగ్గా తేలదు. ఇవాళ కొన్నేళ్ళు దూరంగా ఉంటే రేపు ఎవరి మీదా ఆధారపడకుండా పాపని పెంచుకోవచ్చు అన్నది ఆవిడ నమ్మకం. అలా దూరంగా ఉండగలిగారంటే పాపని కడుపులో పెట్టుకుని చూసుకునే వదినో మరదలో ఉండబట్టే. చరిత్ర పుస్తకాల్లో ఆ ఇల్లాలి పేరు పెద్దగా కనిపించదు. లలిత గారి పట్టాలో ఆవిడకీ వాటా ఉందని మనం గుర్తుపెట్టుకోవాలి.

కొట్టేసిన ఒక్క మాట

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. దేశానికి ఇంజినీర్లు త్వరగా కావాలి. అందుకని కాలేజీ కోర్సుని కొంత కుదించింది. దాంతో ముందు చేరిన లలిత, తర్వాత చేరిన ఇద్దరూ ఒకేసారి బయటికి వచ్చారు. 1943లో లలిత చదువు పూర్తయింది.

అప్పుడొక తమాషా జరిగింది. డిగ్రీ సర్టిఫికెట్లు ముందే అచ్చు వేసి ఉంచుతారు కదా. అందులో ఎక్కడ చూసినా విద్యార్థి అంటే మగవాడే. ఆడవాళ్ళకి వేరే కాగితం లేదు. ఇక చేసేదేముంది? అతడు అని అచ్చయి ఉన్న చోట కలంతో కొట్టేసి, ఆమె అని రాసి ఇచ్చారు. మన దేశంలో ఇంజినీరింగ్ చదువు ఆడవాళ్ళకి తలుపు తెరిచిన తీరుకి ఇంతకన్నా మంచి గుర్తు ఇంకేం కావాలి!

పట్టా చేతికి రావాలంటే ప్రాక్టికల్ ట్రైనింగ్ కూడా ఉండాలి. దానికోసం లలిత బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళారు. 1862 నుంచి నడుస్తున్న పెద్ద రైలింజన్ల కార్ఖానా అది. అక్కడ ఏడాది శిక్షణ. మద్రాసు ఎక్కడ, జమాల్‌పూర్ ఎక్కడ! అయిదారేళ్ళ క్రితం అత్తింట్లో బోసి నుదురుతో నిలబడ్డ పిల్ల, ఇప్పుడు ఇనుమూ బొగ్గుపొగా మధ్య యంత్రాల పని నేర్చుకుంటోంది.

1944లో సిమ్లాలో ఉద్యోగం వచ్చింది. సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజినీరింగ్ అసిస్టెంట్. అక్కడ కూడా ఒక సోదరుడి కుటుంబం ఉండడం కలిసొచ్చింది. ఉద్యోగం చేస్తూనే లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ వాళ్ళ పరీక్ష కూడా రాశారు. 1946 చివరి దాకా సిమ్లాలో పని చేశారు.

నాన్నగారి ప్రయోగశాలలో...

సిమ్లా ఉద్యోగం వదిలేసి లలిత మద్రాసు వచ్చేశారు. సుబ్బారావు గారు అప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తున్నారు. ఆయన తయారు చేసిన వాటిలో కరెంటుతో పలికే ఒక సంగీత వాద్యం ఉంది. దాని పేరు జెలెక్ట్రోమోనియం. పొగ రాని పొయ్యిలు, విద్యుత్తుతో మంట పుట్టించే సాధనం కూడా ఉన్నాయి. తండ్రీ కూతుళ్ళు తొమ్మిది నెలల పాటు కలిసి పని చేశారు.

పొగ రాని పొయ్యి అంటే ఇవాళ మనకి చిన్న విషయమే. కానీ కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండుతూ గొట్టంతో ఊదుకున్న అమ్మమ్మలని అడిగితే దాని విలువ తెలుస్తుంది. వాద్యమూ, పొయ్యీ, మంటా... ఎంత చక్కటి పనులో! తల్లిగా బాధ్యత కోసం మొదలుపెట్టిన చదువు, ఇలా ప్రయోగాలు చేసుకుంటూ గడిపే ఇష్టమైన వ్యాపకంగా కూడా మారిందని చెప్పడానికి ఈ తొమ్మిది నెలలు చాలు.

కానీ ప్రయోగాలతో ఇల్లు గడవదు. కూతుర్ని పెంచాలి, చదివించాలి. దానికి నెలనెలా జీతం రావాలి. అందుకే మళ్ళీ ఉద్యోగం వెతుక్కున్నారు.

కలకత్తాలో మూడు దశాబ్దాలు

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. అక్కడ ఆవిడ రెండో సోదరుడి ఇల్లు ఉంది. మళ్ళీ అదే లెక్క చూడండి. జమాల్‌పూర్ తప్పితే, ఉద్యోగం ఏ ఊళ్ళో అంటే, పాపకి అండగా మనవాళ్ళు ఉన్న ఊళ్ళో!

ఆవిడ పని ఏమిటంటే, కరెంటుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్ళే ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్‌లో ఏ పరికరం ఎక్కడ ఉండాలో చెప్పే ప్లాన్లు, ఎక్కడైనా లోపం వస్తే వెంటనే ఆ భాగాన్ని విడదీసి మిగతా లైన్లను కాపాడే రక్షణ పరికరాల ఏర్పాటు. ఇప్పుడైతే ఇవన్నీ కంప్యూటరు మీద చేస్తారు. అప్పుడు డ్రాయింగ్ బోర్డు, పెన్సిలు, స్లైడ్ రూలు... అంతే. ఒక్క లెక్క తప్పితే యంత్రాలు కాలిపోతాయి, మనుషుల ప్రాణాలు పోతాయి.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశమంతా ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు కట్టుకుంటున్న కాలం అది. సట్లెజ్ నది మీద భాక్రా నంగల్ ప్రాజెక్టు వాటిలో పెద్దది. నెహ్రూ గారు 1963 అక్టోబరులో భాక్రా ఆనకట్టని జాతికి అంకితం చేశారు. ఆ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో లలిత గారి చెయ్యి కూడా ఉంది. భాక్రా పేరు మనందరం స్కూల్లో బట్టీ పట్టి పరీక్షలో రాసిన వాళ్ళమే. అక్కడి యంత్రాల వెనక ఒక తెలుగు తల్లి పని ఉందని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

1953లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్స్ ఆవిడని అసోసియేట్ మెంబరుగా ఎన్నుకుంది. 1966లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

చీరకట్టుతో న్యూయార్క్‌కి

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. 35 దేశాల నుంచి దాదాపు 500 మంది వచ్చారు. అందులో లలిత గారూ ఒకరు. అప్పటికి మన దేశంలో మహిళా ఇంజినీర్లకి సంఘమంటూ లేదు. అందుకని ఏ సంఘం తరఫునా కాకుండా, వ్యక్తిగత హోదాలోనే వచ్చారు.

అప్పటి అమెరికా మనకి తెలిసిన అమెరికా కాదు. వలస చట్టం మారి ఇండియా వాళ్ళకి ఇక్కడ తలుపులు తెరుచుకున్నది 1965లో. అంటే ఇక్కడ మన గుళ్ళూ, తెలుగు సంఘాలూ, మన కిరాణా కొట్లూ ఏవీ లేని కాలంలో, నలభై నాలుగేళ్ళ తెలుగు వితంతువు చీర కట్టుకుని వచ్చి, ప్రపంచ ఇంజినీర్ల సరసన కూర్చున్నారు. ఒకప్పుడు శుభకార్యానికి ఎదురు రాకూడదన్న మనిషిని, సముద్రాలు దాటి రమ్మని పిలిచారు.

1965లో లండన్‌లోని ఉమెన్స్ ఇంజినీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలయ్యారు. రెండో అంతర్జాతీయ సదస్సు 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగినప్పుడు, ఇండియా తరఫు పనులు చూసే బాధ్యత ఆవిడకే అప్పగించారు. తను ఒంటరిగా వెళ్ళిన చోటికి ఇంకొందరిని తీసుకెళ్ళే పని అన్నమాట. నాన్నగారు గిండీలో వేయించిన ప్రకటన ఆవిడ మర్చిపోలేదనుకోవాలి.

ఆవిడ కథ మనకెందుకు?

లలిత గారు 1977లో ఉద్యోగ విరమణ చేశారు. తర్వాత రెండేళ్ళకే, 1979లో, అరవై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఒడిలో ఉన్న ఆ నాలుగు నెలల పాప బాగా చదువుకుని, పెళ్ళి చేసుకుని, అమెరికాలోనే స్థిరపడ్డారు. ఈ కథ ఇవాళ ప్రపంచానికి తెలిసిందంటే చాలావరకు ఆ కూతురు దాచిపెట్టి చెప్పిన జ్ఞాపకాల వల్లే. తనకి తండ్రి లేని లోటు తెలియకుండా అమ్మ పెంచిందన్నది ఆ కూతురి మాటల సారాంశం. వారాంతాల్లో మాత్రమే పాపని చూసుకున్న తల్లికి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

ఇక మన సంగతి. ఇండియాలో ఇంజినీరింగ్, ఎంసీఏ చదివి, పెళ్ళయి అమెరికా వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లలు మన సంఘాల్లో ఎందరో. హెచ్-4 వీసా మీద వచ్చిన వాళ్ళకి 2015 మే దాకా ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ ఏడాది ఇచ్చిన అనుమతి కూడా గ్రీన్ కార్డు దారిలో కొంత దూరం వెళ్ళిన కుటుంబాలకే దక్కింది. ఈ లోపల పిల్లలు పుడతారు, ఏళ్ళు గడిచిపోతాయి. మళ్ళీ మొదలుపెడదామంటే చదివిన చదువు పాతబడిపోయిందన్న భయం. పిల్లల్ని వదిలి నా సరదాలు చూసుకుంటున్నానేమో అన్న బెంగ ఇంకొకటి.

అలాంటి వాళ్ళకి లలిత గారి జీవితం చెప్పేది రెండు ముక్కలు. ఒకటి, పిల్లల్నీ మన ఇష్టాన్నీ త్రాసులో చెరో వైపు పెట్టక్కర్లేదు. ఆవిడ ముందు పాప వేళలు చూసుకున్నారు, ఆ వేళల్లో ఇమిడే పని ఏదని వెతికారు. ఆ పనే ఆవిడ సొంత ఇష్టమైపోయింది. ఇంజినీరింగే కానక్కర్లేదు. అది సంగీతం కావచ్చు, టీచింగ్ కావచ్చు, ఆగిపోయిన డిగ్రీ కావచ్చు. స్కూలు సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉన్న పద్దెనిమిదేళ్ళ పిల్ల మొదలుపెట్టగలిగిందంటే మాస్టర్స్ చదివిన మనం భయపడడం దేనికి?

రెండో ముక్క ఆడవాళ్ళకి కాదు, ఇంట్లో మిగతా వాళ్ళకి. లలిత గారి పట్టుదల ఎంత గొప్పదైనా, ప్రిన్సిపాల్ దగ్గరికి నడిచిన తండ్రి లేకపోతే, పాపని ఎత్తుకున్న సోదరుడి భార్య లేకపోతే, సిమ్లాలో, కలకత్తాలో ఇల్లు చూపించిన అన్నదమ్ములు లేకపోతే అది గడప దాటేది కాదు. ఇక్కడ మనకి అంత పెద్ద కుటుంబం పక్కన ఉండదు. అమ్మానాన్నలు వస్తే ఆరు నెలలు ఉండి వెళ్ళిపోతారు. అందుకే ఆ తండ్రి, ఆ సోదరుడు, ఆ వదిన చేసిన పనంతా ఇక్కడ ఒక్క భర్తే చెయ్యాల్సి వస్తుంది. వారంలో రెండు సాయంత్రాలు పిల్లల అన్నం, స్నానం, హోంవర్కు ఆయన చూసుకుంటే చాలు, ఆవిడ మళ్ళీ పుస్తకం తెరుస్తుంది. పక్కింటి స్నేహితురాలు ఒక శనివారం పిల్లల్ని తన ఇంట్లో ఉంచుకుంటే ఇంకో పరీక్ష రాసొస్తుంది.

మన ఇంట్లో ఆవిడ పేరు మళ్ళీ వినపడాలంటే, ముందు పాపని ఎవరైనా ఎత్తుకోవాలి.